మంచు మీద షట్టర్ పందెం

మెట్ల కింద మనిషన్నవాడు నిటారుగా నిలబడలేడు. నమ్మకం లేకపోతే తాళాలమ్మ భర్తను చూడవచ్చు. పెళ్ళినాటికి గడకర్రలా ఉన్న మనిషి, ఆ కాంప్లెక్సు మెట్ల కింద తాళంచెవులు కోసే మిషన్ ముందు వంగీ వంగీ, ఇప్పుడు ఇంట్లో నడిచినా నెత్తిమీద మెట్లున్నట్టే నడుస్తాడు. వాన పడితే ఆ మూల నీళ్ళు కారతాయి. అప్పుడు మిషన్ మీద పట్టా కప్పి, ఆయన గొడుగు పట్టుకుంటాడు. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పని. వచ్చినవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. తాళాలమ్మకు ఒళ్ళు మండేది అందుకే.

తాళాలమ్మ అన్నది బజారు పెట్టిన పేరు. తాళాలు, గడియలు, తలుపు బందులు అమ్మే ఆమె షాపు ఆ మెట్ల పక్కనే ఉంది. లోపల ఆమె, ఆమె సరుకు పట్టాక ఇంక గాలికి కూడా చోటు మిగలదు. అందుకే, పక్క షట్టర్‌లో ఫొటోలకు ఫ్రేములు కట్టే పెద్దాయన పని చాలించుకుని వెళ్ళిపోయాడని తెలిసిన క్షణాన ఆమె మనసులో మిషన్ అక్కడికి చేరిపోయింది. బల్ల ఎటు పక్క, లైటు ఎక్కడ, ఆయన కుర్చీ ఎంత ఎత్తు, అన్నీ కుదిరిపోయాయి.

కుదరనిదల్లా గేములబ్బాయి ఒక్కడే.

ఖాళీ అయిన షట్టర్‌కు అవతలి పక్క అతనిది వీడియో గేముల పార్లర్. నిండా ముప్పై లేని వయసు, కళ్ళు మాత్రం నెత్తి మీద ఉంటాయి. గోడ కొట్టించి, ఆ షట్టర్‌ను తన పార్లర్‌లో కలిపేసుకుని, పెద్ద తెరలు పెడతానని అప్పుడే అందరికీ చెప్పుకున్నాడు.

ఆ కాంప్లెక్సులో ఇలాంటి తగవుకు ఒక పద్ధతి ఉంది. ఒకే షట్టర్ ఇద్దరికి కావాల్సి వస్తే కోర్టులూ, పెద్దమనుషులూ ఏమీ లేవు. ఇద్దరూ అందరి ముందూ కూర్చుని ఆట ఆడాలి. గెలిచినవాళ్ళదే షట్టర్. ఆట సమానంగా ముగిస్తే, ఇద్దరిలో పాత షాపు ఎవరిదైతే వాళ్ళది. పోటీకి పిలిచే హక్కు ఒకరిదైతే, ఏ ఆటో చెప్పే హక్కు రెండోవాళ్ళది. ఎన్నేళ్ళుగానో అందరూ చెప్పిన ఆట క్యారమ్సే. క్యారమ్స్‌లో తాళాలమ్మ వేలు ఆడిందంటే అవతలివాళ్ళు లేచి టీ తాగి రావచ్చు.

ఆ ధీమాతోనే ఆమె పప్పులో కాలేసింది. షాపుల సంఘం అధ్యక్షుడైన పరుపుల షాపాయన అందరినీ పిలిచి కూర్చోబెట్టగానే, ఎవరూ అడగకముందే, "పిలుస్తున్నాను, రమ్మనండి!" అంది.

గేములబ్బాయి చిరునవ్వు నవ్వాడు. "సరే అక్కా, వస్తాను. అయితే ఆట చెప్పేది నేనేగా?"

"చెప్పు. బోర్డు నా దగ్గరే ఉంది."

"బోర్డెందుకక్కా? ఐస్ హాకీ. మన పార్లర్‌లో. పెద్ద తెర మీద."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఐసా?" అంది తాళాలమ్మ. "ఐసు మీద హాకీ ఏంట్రా అబ్బాయ్, జారి పడరూ?"

"పడతారక్కా. అదే మజా."

పరుపులాయన గొంతు సవరించుకున్నాడు. "పద్ధతి ప్రకారం తప్పులేదు చెల్లెమ్మా. కానీ నీకు తెలియని ఆట. కావాలంటే పిలుపు వెనక్కి తీసుకో, ఎవరూ ఏమీ అనుకోరు."

"అనుకోవడానికి మీకు ఇంకేముంటుంది అన్నగారూ, షట్టర్ వాడిదైపోయాక? వెనక్కి తీసుకోను. వచ్చే ఆదివారం ఆడతాను."

"కొత్త కదా, చిన్న చిన్న రూల్స్ తీసేయనా అక్కా?" అన్నాడు గేములబ్బాయి, అందరికీ వినిపించేలా. "గేము మిషన్‌లో సౌకర్యం ఉంది, పిల్లల కోసం."

"ఒక్కటి కూడా తీయకు. పెద్దవాళ్ళు ఎట్లా ఆడతారో అట్లాగే."

బింకంగా అనేసింది గానీ, ఇంటికి నడుస్తుంటే ఆమె కాళ్ళ కింద నిజంగానే ఐసు ఉన్నట్టనిపించింది. వెనకాల భర్త మెల్లగా, "పోనీలే, మెట్ల కింద బాగానే ఉంది కదా నాకు," అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపుకు ఆయన ఇంకో రెండడుగులు వెనకబడ్డాడు.

ఇంట్లో ఆ ఆట తెలిసిన మనిషి ఉందన్నది ఆమెకు ఊరట కాదు, తలవంపు. ఆయన చెల్లెలు, అంటే ఆమె ఆడపడుచు, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేస్తుంది. డ్యూటీ దిగి రాగానే టీవీ ముందు కూర్చుని ఇలాంటి ఆటలే ఆడుతుంది. "పెళ్ళీడు దాటుతున్నా ఈ బొమ్మలాటలేంటే?" అని తాళాలమ్మ ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. ఇప్పుడు అదే టీవీ ముందు, అదే ఆడపడుచు పక్కన, బాసింపట్టు వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది.

"ఏంటి వదినా, బొమ్మలాటకు వచ్చావా?"

"ఎత్తిపొడుపులు తర్వాత. ముందు ఆట చెప్పు."

"ఉండు, ఈ ముచ్చట కాసేపు అనుభవించనీ."

"అనుభవించడం అయిపోయిందా? చెప్పు."

ఆడపడుచు చెప్పింది. ఒక్కో పక్షాన అయిదుగురు ఆటగాళ్ళు, గోలు ముందు ఒక గోలీ. చేతిలో కర్ర, కాళ్ళకు స్కేట్లు. బంతి ఉండదు, నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాన్ని పక్ అంటారు. దాన్ని అవతలి గోలులోకి కొట్టాలి. ఆట మూడు భాగాలు. నడుమ రెండు నీలం గీతలుంటాయి, వాటివల్ల మంచు మూడు ముక్కలవుతుంది.

"అంటే మన షాపు, నడవా, వాళ్ళ షాపు," అంది తాళాలమ్మ.

"నీకెట్లా అర్థమైతే అట్లా అనుకో. వాళ్ళ షాపులోకి వెళ్ళేటప్పుడు బిళ్ళ నీలం గీత దాటాకే నీ మనిషి దాటాలి. మనిషి ముందు దాటితే ఆఫ్‌సైడ్. ఆట ఆపేస్తారు."

"న్యాయమే. సరుకు లేకుండా గుమ్మం తొక్కితే ఎవరు రానిస్తారు?"

"ఇంకోటి. మన సగంలోంచి బిళ్ళను ఊరికే బాదేస్తే, అది ఎవరికీ తగలకుండా పోయి అవతలి గోలు గీత దాటితే, దాన్ని ఐసింగ్ అంటారు. బిళ్ళను మళ్ళీ మన గోలు ముందుకే తెచ్చి వేస్తారు. పైగా అలిసిపోయిన మనవాళ్ళను మార్చుకోనివ్వరు."

"తీసుకునేవాడు లేని చోటికి సరుకు తోలితే రవాణా దండగ, సరుకు వాపసు. అంతేగా?"

ఆడపడుచు నవ్వింది. "వదినా, నువ్వు పుట్టాల్సింది మంచు దేశంలో."

చెప్పించుకోవడం తేలికే. చేతులకు ఎక్కడమే కష్టం. బొత్తాలు నొక్కితే ఆమె మనుషులు గోడలకు గుద్దుకునేవాళ్ళు, ఒకరి మీద ఒకరు పడేవాళ్ళు, ఒకసారి సొంత గోలులోకే బిళ్ళ కొట్టారు. ప్రతి ఆటలో ఓటమే, అదీ చిత్తుచిత్తుగా. అయితే తాళాలమ్మ ఓడినకొద్దీ ఒక సంగతి గమనించింది. తను గోలు కొట్టడం అరుదు. కానీ అందరినీ గోలు ముందు దగ్గరగా నిలబెట్టి, దారులన్నీ మూసేస్తే, ఆడపడుచుకు కూడా గోలు కొట్టడం కష్టమవుతోంది. మూయడం తనకు తెలిసిన విద్యే కదా. సమానంగా ముగిస్తే చాలు, షట్టర్ పాత షాపుది, అంటే తనదే.

ఇక శిక్షల సంగతి. కర్రతో కాలు లాగినా, మనిషిని ఎక్కడపడితే అక్కడ గుద్దినా ఈల వేస్తారు. తప్పు చేసినవాణ్ణి పక్కన అద్దాల పెట్టెలో రెండు నిమిషాలు కూర్చోబెడతారు. అంతసేపూ వాడి జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి.

"ఈలోగా గోలు పడితే?"

"పడితే వాణ్ణి ముందే వదిలేస్తారు. ఇంకో వెసులుబాటు కూడా ఉందిలే. మనిషి తక్కువైన జట్టు బిళ్ళను ఎంత దూరమైనా బాదేసుకోవచ్చు. వాళ్ళకు ఐసింగ్ ఉండదు."

తాళాలమ్మ బొత్తాలు వదిలేసి ఆడపడుచు మొహంలోకి చూసింది. "శిక్షలో తగ్గింపు కూడా ఉందన్నమాట."

"తప్పు చెయ్యమని చెప్పట్లేదు వదినా!"

"నేను చేస్తాననీ అనలేదు. రేటు అడుగుతున్నాను."

ఆదివారం మధ్యాహ్నానికి పార్లర్ కిక్కిరిసింది. షట్టర్లు దించేసి బజారంతా వచ్చింది. గేములబ్బాయి తనకు తిరిగే కుర్చీ వేసుకుని, ఆమెకు ప్లాస్టిక్ స్టూలు వేశాడు. ఆమె స్టూలును కాలితో పక్కకు జరిపి, ఇంకో తిరిగే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రూల్స్ అన్నీ పెట్టావా?"

"అన్నీ అక్కా. మామూలు ఆట కూడా కాదు, కప్పు ఫైనల్ పెట్టాను. నీ స్థాయికి తగ్గట్టు."

నవ్వులు. నడిమధ్యన బిళ్ళ పడింది, ఆట మొదలైంది.

మొదటి భాగంలో అతను నిజంగానే చుక్కలు చూపించాడు. అతని మనుషులు గాలిలా తిరిగారు. ఆమె ఒకసారి ఆవేశపడి ముందుకు ఉరికి, బిళ్ళ కన్నా ముందే నీలం గీత దాటింది. ఈల. "గుమ్మం తొక్కావు వదినా!" అని ఆడపడుచు వెనకనుంచి అరిచింది. అంతలోనే అతను గోలు కొట్టాడు. కుర్చీలోనే ఒక గిరికీ తిరిగి, "ఒకటి!" అన్నాడు.

"లెక్క నాకూ వచ్చులే," అంది తాళాలమ్మ.

రెండో భాగంలో అతనికి మత్తెక్కింది. జనాన్ని నవ్వించడానికి ఆమె మనిషిని వెనకనుంచి గోడకేసి గుద్దాడు. ఈల మోగింది, అతని మనిషి పెట్టెలోకి వెళ్ళాడు. ఇటు అయిదుగురు, అటు నలుగురు. తాళాలమ్మ తొందరపడలేదు. బిళ్ళను ఇటు అటు, అటు ఇటు తిప్పి తిప్పి, ఖాళీ దొరికిన చోటికి కొట్టింది. అది గోలీ కాళ్ళ సందులోంచి దూరింది. బజారు గోలచేసింది. వెనక నిలబడ్డ భర్త చప్పట్లు కొట్టబోయి, గేములబ్బాయి చూస్తున్నాడని చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

కాసేపటికి అతని మనిషి ఇంకొకడు తప్పుచేసి పెట్టెలోకి వెళ్ళాడు. ఈసారి గోలు పడలేదు. కానీ శిక్ష పూర్తయి వాడు బయటికి వచ్చినప్పుడు తాళాలమ్మకు ఒక సంగతి తెలిసొచ్చింది. పెట్టె తలుపు నడవాలోకి, అంటే రెండు నీలం గీతల నడుమకు, తెరుచుకుంటుంది. ఆమె మనుషులందరూ అప్పటికే ముందుకు వెళ్ళిపోయారు. వాడు వాళ్ళ వీపుల వెనక, ఎవరి కంటా పడకుండా దిగాడు. బిళ్ళ కాస్తలో వాడికి అందకుండా పోయింది గానీ, అంది ఉంటే అడ్డుకునేవాడే లేడు. జైలు నుంచి వచ్చినవాణ్ణి ఎవరూ పట్టించుకోరని ఆమె ఆ క్షణానే మనసులో రాసిపెట్టుకుంది.

మూడో భాగం మొత్తం మూసివేతే. అతను కొట్టాడు, ఆమె ఆపింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఆపింది. "ఆడక్కా, దాక్కుంటావేంటి!" అని అతను రెచ్చగొట్టాడు. ఆమె తన మనుషులను గోలుకు ఇంకా దగ్గరగా జరిపింది. సైరన్ మోగింది. ఒకటికి ఒకటి.

తాళాలమ్మ బొత్తాల పిడి బల్ల మీద పెట్టి, లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "సమానం. పాత షాపుది. షట్టర్ తాళంచెవి ఇవ్వండి అన్నగారూ."

గేములబ్బాయి కుర్చీలోంచి కదల్లేదు. వేలితో తెర చూపించాడు. మంచు మీద మళ్ళీ మనుషులు వరస తీరుతున్నారు.

"ఇందులో సమానం అనేది లేదక్కా. ఎవరో ఒకరు గోలు కొట్టేదాకా ఆడాలి. ముందు కొట్టినవాళ్ళదే."

ఆమె ఆడపడుచు వైపు తిరిగింది. ఆడపడుచు నాలుక కరుచుకుంది. "నిజమే వదినా. మన ఇంట్లో ఎప్పుడూ సమానం కాలేదుగా, నువ్వు ఓడిపోతూ ఉంటివి. ఆ ముచ్చటే రాలేదు."

బజారు రెండుగా చీలింది. కాంప్లెక్సు పద్ధతి పెద్దదా, ఆట పద్ధతి పెద్దదా అని ఎవరికి తోచింది వాళ్ళు అరిచారు. పరుపులాయన రెండు చేతులూ ఎత్తాడు. "గొడవ వద్దు. షట్టర్‌కు నడుమ చెక్క గోడ వేసి చెరి సగం పంచుకోండి. ఇద్దరికీ మర్యాద."

గేములబ్బాయి ఒక క్షణం ఆలోచించి, "నాకు సమ్మతమే," అన్నాడు. అప్పటికే మూడో భాగంలో అతని చొక్కా చెమటకు తడిసింది.

భర్త ఆమె దగ్గరికి వచ్చి గుసగుసగా అన్నాడు. "ఒప్పేసుకో. సగంలో సర్దుకుంటాను."

ఆ మాటే ఆమెకు తగలరాని చోట తగిలింది. సగం షట్టర్‌లో మిషన్ పడుతుంది, ఆయన పట్టడు. మళ్ళీ సర్దుకుంటాడు, మళ్ళీ నవ్వుతాడు.

"సర్దుకుని సర్దుకునే మీరిట్లా అయ్యారు," అంది. తర్వాత అందరికీ వినిపించేలా, "సగం తలుపుకు తాళం నా షాపులో దొరకదు. ఆట ఆడదాం. నీ పద్ధతే అబ్బాయ్, కూర్చో."

ఈసారి నవ్వులు లేవు.

అదనపు ఆట మొదలైంది. ఒక్క గోలు చాలు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆడారు. ఎంతసేపటికీ తెగలేదు. అంతలో ఆమె మనిషి ఒకడు బిళ్ళ జార్చాడు. అతని ఆటగాళ్ళు ఇద్దరు దాన్ని అందుకుని దూసుకొచ్చారు. ఎదురుగా ఆమె మనిషి ఒక్కడే, వాడి వెనక గోలీ. బిళ్ళ ఒకడి దగ్గర ఉంది, రెండోవాడు ఖాళీగా ఉన్నాడు. ఎటు ఆపినా రెండో పక్క గోలే.

తాళాలమ్మ ఎదురుగా ఉన్నవి రెండే బేరాలు. ఆపకపోతే షట్టర్ పోతుంది. కాలు లాగితే రెండు నిమిషాలు పోతాయి. ఇందులో ఏది చవకో తేల్చుకోవడానికి ఆమెకు రెప్పపాటు కూడా పట్టలేదు. బొత్తం నొక్కింది. ఆమె మనిషి కర్ర చాచాడు, అతని మనిషి బోర్లా పడి మంచు మీద బొంగరంలా తిరిగాడు. బిళ్ళ జారుకుంటూ గోలీ చేతికి చిక్కింది. ఈల.

"చూశారా! చూశారా! ఫౌల్!" గేములబ్బాయి లేచి నిలబడ్డాడు.

"చూశారులే, కూర్చో. నా మనిషి పెట్టెలోకి వెళ్తున్నాడు, కనబడట్లేదా?"

"అయిపోయింది," అన్నాడు జనంలోంచి ఆ కాంప్లెక్సులోనే షాపున్న దర్జీ. "నలుగురితో ఏం ఆపుతుంది?"

ఆమె ఆపలేదు, బాదింది. బిళ్ళ దొరకడమే ఆలస్యం, ఈ చివరనుంచి ఆ చివరకు. ఈల మోగలేదు. గేములబ్బాయి దాన్ని తన గోలు వెనకనుంచి తెచ్చుకోవాలి, మళ్ళీ మనుషులను కూడగట్టుకుని రావాలి. వచ్చాడు. ఆమె మళ్ళీ బాదింది.

"ఇదేం ఆటక్కా! ఐసింగ్ కదా ఇది!"

"మనిషి తక్కువైనవాళ్ళకు లేదురా అబ్బాయ్. నీ మిషనే చెబుతోంది, నేను కాదు."

అతనికి తొందర పుట్టింది. పెట్టె మీద గడియారం తరిగిపోతోంది. ఈసారి బిళ్ళ రాకముందే అతని మనిషి నీలం గీత దాటాడు. ఆఫ్‌సైడ్. పిల్లల కోసం తీసేస్తానన్న రూలే అది. అతను పళ్ళు కొరికాడు. మళ్ళీ తెచ్చాడు. ఈసారి వెనక కాపలా ఉండాల్సినవాళ్ళను కూడా ముందుకు తోలేశాడు. అయిదుగురూ ఆమె గోలు మీదే. ఒక దెబ్బ గోలీ ఆపాడు. ఇంకో దెబ్బ గోలు కమ్మీకి తగిలి తిరిగొచ్చింది. అది ఆమె మనిషి కర్రకు చిక్కింది.

తాళాలమ్మ బిళ్ళ వైపు చూడలేదు, గడియారం వైపు చూసింది. అది అప్పుడే అయిపోయింది. అద్దాల పెట్టె తలుపు తెరుచుకుంది.

ఈసారి గుడ్డిగా బాదలేదు. గోడ వెంబడి, ఆ తలుపు ముందుకు, సరిగ్గా పంపింది. పెట్టెలోంచి దిగినవాడి కర్ర కిందికే వెళ్ళింది బిళ్ళ. వాడి ముందు ఒక్క గోలీ తప్ప ఇంకెవరూ లేరు.

"వదినా! కొట్టూ!"

ఆమె కొట్టలేదు. గోలీ ముందుకు వచ్చేదాకా ఆగింది. ఆ గోలీ ఎడమకు ఒరిగాక, కుడి మూలకు తోసింది.

పార్లర్ గోడలు అదిరాయి. ఆడపడుచు వదినను వెనకనుంచి కుర్చీతో సహా కావలించుకుంది.

గేములబ్బాయి ఇంకా తెరవైపే చూస్తున్నాడు. "ఇది చెల్లదు," అన్నాడు చివరికి. "ఫౌల్ చేసి గెలిచింది. కాలు లాగకపోతే గోలు నాది."

పరుపులాయన ఇబ్బందిగా కదిలాడు. "చెల్లెమ్మా, అతనన్నదీ నిజమే కదా. ఇంకో ఆదివారం మళ్ళీ..."

"ఆడను," అంది తాళాలమ్మ. గొంతు పెంచలేదు. "ఆట అతను చెప్పాడు. మిషన్ అతనిది. రూల్స్ అన్నీ పెట్టించిందీ మీ అందరి ముందే. తప్పు చేశానా? చేశాను. దొంగచాటుగా చెయ్యలేదు, పెద్ద తెర మీద చేశాను. దానికి శిక్ష వేశారు, అనుభవించాను. శిక్ష తీరాక కూడా తప్పు తప్పంటే, ఆ పెట్టె ఎందుకు పెట్టినట్టు? సమానమైనప్పుడు నా పద్ధతి చెల్లదన్నారు. నోరుమూసుకుని కూర్చుని ఆడాను. ఇప్పుడు అతని పద్ధతి కూడా చెల్లదంటే, ఇంక ఇక్కడ చెల్లేది ఏంటో చెప్పండి, అదే ఆడతాను."

దర్జీ మెల్లగా, "చెల్లుతుందండీ," అన్నాడు. పరుపులాయన జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

మంచిరోజు చూసుకుని చేరమని ఎవరో అన్నారు. రంగులు వేయించుకోమని ఇంకెవరో అన్నారు. తాళాలమ్మ వినలేదు. ఖాళీగా ఉన్న షట్టర్ మీద రాత్రికి రాత్రి కొత్త వాదనలు మొలుస్తాయని ఆమెకు తెలుసు. ఆ సాయంత్రమే దర్జీ ఒక పక్క, ఆడపడుచు ఒక పక్క పట్టగా, మిషన్‌ను మెట్ల కిందనుంచి బయటికి లాగించింది. గేములబ్బాయి ఆ షట్టర్ ముందు అడ్డంగా నిలబడి ఉన్నాడు. మొహం వేలాడేసుకుని, "నేనూ ఓ చెయ్యి వెయ్యనా?" అన్నాడు.

"అక్కర్లేదు. దారి వదిలితే అదే సాయం."

వదిలాడు.

లోపల బల్ల బిగించారు, లైటు వేలాడదీశారు. భర్త మిషన్ ముందు నిలబడి, ఏం చెయ్యాలో తోచనట్టు చుట్టూ చూశాడు. ఆమె ఒక తాళంచెవి, పళ్ళు కొయ్యని ఇంకో ఖాళీ తాళంచెవి చేతికిచ్చింది. ఆయన స్విచ్ వేశాడు. లోహం కోస్తున్న కీచు చప్పుడు గదంతా నిండిపోయి, పల్చటి గోడ దాటి పార్లర్‌లోకి దూరింది.

రెండు నిమిషాలు కాకముందే అవతలినుంచి గోడ మీద దబదబ బాదారు. "అక్కా! ఆ చప్పుడేంటి! ఇక్కడ ఆట వినబడట్లేదు!"

భర్త ఉలిక్కిపడి స్విచ్ మీదకు చెయ్యి పోనిచ్చాడు. తాళాలమ్మ ఆ చెయ్యి పట్టుకుని మిషన్ మీదకే తెచ్చింది.

"ఆపకండి," అంది. "ఇంకోటి కొయ్యండి."